చిన్నాయన అప్పీలు



మా మల్లాపూర్ దిక్కు దుబాయ్, మస్కట్ పోయినవారు వాడవాడకూ కనబడతారు. మిలిటరీకి పోయినవారు తక్కువ. మా చిన్నాయన అలా పోయినవాడు. పరుగులో నెగ్గి, డాక్టర్ల పరీక్షలన్నీ దాటి సిపాయి అయ్యాడు. కొన్నేళ్లకు మూర్ఛ జబ్బు వచ్చిందని ఇంటికి పంపించారు. వైకల్య పింఛను కోసం పెట్టుకున్న అర్జీకి ఇంగ్లీషులో కాగితం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కనుక అది నా చేతికి వచ్చింది. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు, కనుక పింఛను లేదు. ఇదీ దాని సారాంశం.

"మరి యాడికెళ్లి వచ్చింది బిడ్డా?" అన్నాడు చిన్నాయన.

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2013 జూలైలో జవాబు చెప్పింది. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరిన సిపాయి. ఆయనదీ మూర్ఛ జబ్బే. 20 శాతం వైకల్యమని లెక్కగట్టి, సర్వీసుకు సంబంధం లేదని చెప్పి 1994లో ఇంటికి పంపారు. కోర్టు ఒప్పుకోలేదు. చేరేనాటి పరీక్షలో జబ్బు రాసి లేకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత జబ్బు వస్తే అది సర్వీసు వల్లేనని అనుకోవాలి. రుజువు భారం సిపాయిది కాదు. మెడికల్ బోర్డు కాదనాలంటే కారణం రాయాలి. ఈ మాట కోసం ఆయన పందొమ్మిదేళ్లు ఆగాడు.

వైకల్యం 20 శాతం తగ్గకూడదన్నది నియమం. 50 లోపు ఉన్నదాన్ని 50గా లెక్కించే వెసులుబాటు ఇళ్లకు పంపబడిన సిపాయిలకే కాక, సర్వీసు పూర్తిచేసుకున్నవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో కొత్త నిబంధనలు వచ్చాయి కనుక, ఆ తర్వాత బయటికి వచ్చినవారు వాటిని చూసుకోవాలి. అర్జీ కొట్టేస్తే మొదటి అప్పీలు, ఆపైన రెండో అప్పీలు, అదీ కాకుంటే 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నాయి.

"దేశం మీద కేసు ఏస్తనా?" అని చిన్నాయన చాలా రోజులు ఒప్పుకోలేదు. "ధరమ్‌వీర్ సింగ్‌కు న్యాయం చెప్పింది కూడా ఈ దేశపు కోర్టే గదా చిన్నాయనా" అన్నాను. చివరికి సంతకం పెట్టాడు. అప్పీలు పంపాము. ఇంకా జవాబు రాలేదు.

తమ్ముళ్లూ, మీ ఊళ్లలో ఇలాంటి కాగితం ఏ పెట్టెలోనో మడతపెట్టి ఉండవచ్చు. తీసి చదవండి. "లేదు" అన్న మాట దగ్గర ఆగకండి. ఎందుకు లేదన్నారో రాసి ఉందా అని చూడండి. మనం ఈ హాస్టల్లో అన్నం తిని నేర్చుకున్న నాలుగు అక్షరాలు ముందు అక్కడ పనికిరావాలి.