జారిన వెన్నుపూస: గాంధీ ఆసుపత్రి ఎముకల విభాగంలో

ముషీరాబాద్‌లో ఒకప్పుడు జైలు ఉన్న స్థలంలో 2003 నుంచి నడుస్తున్న గాంధీ ఆసుపత్రి, 1851లో సికింద్రాబాద్‌లో చిన్న వైద్యశాలగా మొదలై, తరువాత కింగ్ ఎడ్వర్డ్ స్మారక ఆసుపత్రిగా పేరు పొంది, చివరకు 1954లో ఏర్పడిన గాంధీ వైద్య కళాశాలకు బోధనాసుపత్రిగా స్థిరపడింది. ఇటువంటి ఆసుపత్రి ఎముకల ఓపీకి వెళ్లిన సందర్శకునికి నడుము నొప్పికీ ఊరి పనులకూ ఉన్న సంబంధం మొదట కనిపిస్తుంది. బస్తాలు మోసే హమాలీలు, నాలుగిళ్లలో వంగి పనిచేసే స్త్రీలు, ఉద్యోగ విరమణ చేసిన రైల్వే కార్మికులు చీటీ చేతపట్టుకుని వరుసలో నిలబడి, అడిగినవారికి దాదాపు ఒకే మాట చెబుతారు: డిస్కు జారిందట. వీరిలో కొందరి విషయంలో స్థానం తప్పినది రెండు పూసల మధ్య మెత్తగా ఉండే ఆ డిస్కు కాక, దానిపై కూర్చున్న ఎముకే అయి ఉంటుంది. పై పూస కింది పూస మీద ముందుకు జరిగే ఈ స్థితిని వైద్యులు స్పాండిలోలిస్థసిస్ అంటారు.

దీనిని మొదట గమనించినది ఎముకల వైద్యులు కారు. 1782లో బెల్జియం ప్రసూతి వైద్యుడు హెర్బినియో, త్రికాస్థికి, అంటే కటి వెనుక భాగాన ఉండే ముక్కోణపు ఎముకకు, ముందు పొడుచుకు వచ్చిన ఎముక కాన్పుకు అడ్డుపడటాన్ని వర్ణించాడు. ఇప్పటి వైద్యులు వాడే విభజన 1976లో విల్ట్‌సే, న్యూమన్, మెక్నాబ్ చేసినది. అందులోని అయిదు రకాలలో ఓపీలో తరచుగా ఎదురయ్యేవి రెండు. మొదటి రకంలో పూస వెనుక కమానులో పైకీలుకూ కిందికీలుకూ నడుమ ఉండే సన్నని ఎముక వంతెన, చిన్న వయసులోనే పదేపదే పడే ఒత్తిడికి పగిలి, సాధారణంగా అయిదవ కటిపూస త్రికాస్థి మీద ముందుకు జరుగుతుంది. నడుమును వెనక్కి విరిచి బంతి వేసే ఫాస్ట్ బౌలర్లలో ఈ పగులు ఎక్కువగా కనబడుతుంది కనుక జింఖానా మైదానంలో సాధన చేసే కుర్రవాడి నడుము నొప్పిని కండరాల పట్టేనని కొట్టిపారేయడం మంచిది కాదు. రెండవ రకంలో ఎముక ఎక్కడా విరగదు. యాభై దాటినవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, డిస్కూ కీళ్లూ అరిగి వదులైపోగా నాలుగవ కటిపూస కమానుతో సహా జరుగుతుంది.

కమాను కదిలిందా, వెనుకే ఉండిపోయిందా అన్నదే అసలు కీలకం. మొదటి రకంలో కమాను వెనుకే నిలిచిపోవడం వల్ల నరాలు సాగే నాళం అంతగా ఇరుకు కాదు. రెండవ రకంలో కమాను కూడా ముందుకు రావడంతో కొద్ది జారుడుకే నాళం నొక్కుకుపోతుంది. 1932లో మెయర్డింగ్ చూపిన పద్ధతిలో జారుడును కింది పూస వెడల్పులో 25 శాతం వరకు మొదటి దశ, 50 వరకు రెండవది, 75 వరకు మూడవది, 100 వరకు నాలుగవది అని లెక్కిస్తారు. రిపోర్టులో ఆ అంకె చూసి రోగి భయపడటం సహజమే గాని, మొదటి దశలో ఉన్న పెద్దావిడ నాలుగు అడుగులకే ఆగిపోవడం, రెండవ దశలో ఉన్న యువకుడు మామూలుగా పని చేసుకుపోవడం వింత కాదు.

అందువల్ల వైద్యుడు ఫిల్మును ఎంతగా చూస్తాడో నడకనూ అంతగా చూస్తాడు. మడమల మీద నడిపించి, కాలి బొటనవేలిని పైకెత్తమని చేతితో అదిమి చూస్తాడు. ఈ రెండు రకాలలోనూ ఎక్కువగా నలిగేది అయిదవ కటి నాడీమూలమే కాబట్టి ఆ వేలి బలం ముందుగా తగ్గుతుంది. ఎక్స్‌రే నిలబెట్టి తీయించడానికి కారణం, పడుకున్నప్పుడు కొందరిలో పూస వెనక్కి సర్దుకుని జారుడు కనిపించకపోవడమే. నాళం ఇరుకైన రోగి తోపుడు బండి మీద వంగి దానిని తోసుకుంటూ చాలా దూరం పోగలిగి, వట్టి చేతులతో నిటారుగా నడిస్తే మాత్రం పిక్కలు లాగి తిమ్మిరెక్కి కూలబడతాడు, ఎందుకంటే ముందుకు వంగినప్పుడు నాళం కొంత విప్పారుతుంది. రక్తనాళాలు మూసుకుపోయినా పిక్కలు లాగుతాయి గాని, అప్పుడు వంగనక్కరలేకుండా ఊరకే నిలబడినా ఉపశమనం దొరుకుతుంది. అందుకే పాదాల నాడి కూడా పట్టి చూస్తారు.

ఈ రోగులలో ఎక్కువమంది చికిత్స జరగవలసినది ఫిజియోథెరపీ గదిలో. పొత్తికడుపును లోపలికి బిగించడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఛాతీకి తెచ్చుకోవడం, తొడ వెనుక బిగిసిన కండరాలను సాగదీయడం వంటి వ్యాయామాలు వారాల తరబడి చేస్తేనే ఫలితం ఉంటుంది. భుజంగాసనం, ధనురాసనం వంటి వెనక్కి విరిచే ఆసనాలు నొప్పిని పెంచే అవకాశం ఉన్నందున వైద్యుని అడగకుండా చేయరాదు. మందుల దుకాణంలో కొన్న బెల్టు కొద్దిరోజులు ఆసరాయే గాని, ఏళ్ల తరబడి దానికే అలవాటుపడినవారికి అది కండరాల సోమరితనానికి అనుమతిపత్రమవుతుంది.

నెలలు గడిచినా నొప్పి తగ్గకపోయినా, పాదం బలహీనపడుతున్నా శస్త్రచికిత్స ఆలోచిస్తారు. నరాలపై ఒత్తిడి తీసేస్తే చాలునా, మరలు బిగించి పూసలను అతికించాలా అన్నది నేటికీ వివాదమే. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వెలువడగా, స్వీడన్ వారిది అతికింపు వల్ల అదనపు మేలు కనబడలేదని, అమెరికా వారిది కొంత మేలు కనబడిందని తేల్చాయి. కదలిక ఎక్కువగా ఉన్న పూసను అతికించి, స్థిరంగా ఉన్నదాని విషయంలో ఆగి ఆలోచించడమే ప్రస్తుతానికి సమంజసం.

ఇంత నిదానానికి ఒక్క మినహాయింపు ఉంది. మూత్రం ఆగిపోవడం లేక తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడటం నాళం అడుగున ఉన్న నరాల కట్ట నలిగిపోతున్నదనడానికి సూచనలు. అటువంటి రోగిని ఓపీ వరుసలో నిలబెట్టకుండా, ఏ వేళైనా నేరుగా అత్యవసర విభాగానికే తీసుకువెళ్లాలి.