డైనమో మార్చలేదండి

నిన్న ధవళేశ్వరం బ్యారేజీ దాటుతుంటే నాన్నగారి అంబాసిడర్‌లో ఎర్ర లైటు వెలిగింది. ఛార్జింగ్ లేదు. హెడ్‌లైట్లు ఆపుకుని, హారన్ కొట్టకుండా, ఎలాగోలా రాజమండ్రి చేరాను.

మొదటి షాపులో "డైనమో పీకేసి ఆల్టర్నేటర్ బిగించేద్దామండి, ఈ రోజుల్లో ఇదెవరు చేయించుకుంటున్నారు?" అన్నాడు. అందులో తప్పేం లేదు. ఆల్టర్నేటరైతే ట్రాఫిక్‌లో ఆగి ఉన్నా ఛార్జింగ్ ఎక్కుతుంది, డైనమోకైతే ఇంజను కాస్త పరుగెత్తాలి. అయినా నాకు మనసొప్పలేదు.

వీధి చివర పెద్దాయన విప్పి చూపించారు. కార్బన్లు అరిగి వేరుశనగ గింజంతే మిగిలాయి. కమ్యుటేటర్ మీద గాడి పడింది. లేత్ మీద సన్నగా ఒక పొర తీయించి, రాగి పట్టీల మధ్య మైకాని విరిగిన హాక్సా బ్లేడుతో గీరారు, మా అమ్మ చేప పొలుసు తీసినంత ఓపిగ్గా. కొత్త కార్బన్లు, బుష్, బేరింగ్ వేశారు. "వైండింగ్ రాయిలా ఉందండీ, మార్చడం ఎందుకు?" అన్నారు.

అలాగని అన్నీ బాగుచేయించమని కాదు. ఫ్యూయల్ పంపులో రబ్బరు డయాఫ్రమ్ పాతదైతే మొహమాటపడకుండా మార్చేయండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి ఆ పాత రబ్బరు ఆగదు.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది 2014లో. మీ ఇంట్లో పాత డైనమోగానీ సెల్ఫ్ మోటారుగానీ పడుంటే పాత ఇనుముకి వేసేయకండి. ఒక్క మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి పట్టుకెళ్తాను. ఆయ్!