మా యింటి ముద్దు

ఒడిలో నొదిగి కూర్చుండు చిన్న కుక్కలు చూపునకే గాని బుద్ధికి గావని నా చిరకాలాభిప్రాయము. బళ్ళారిలో మా పొరుగున నున్న కన్నడ కుటుంబమువారు బదిలీపై పోవుచు తమ తెల్లకుక్కను మాకు విడిచినప్పుడు నేనంతగా సంతోషింపలేదు. వారు దానిని పొమరేనియన్ అనిరి. మన యూళ్ళలో ఆ పేరుతో పెరుగువానిలో పెక్కు నిజమునకు ఇండియన్ స్పిట్జ్ జాతివి, ఇదియు నట్టిదే. పేరు ముద్దు.

వారము దినములు "రా" అన్నను రాలేదు. "కూర్చో" అన్నచో తల యొకప్రక్కకు వంచి నా మొగము చూచెడిది. "ఊరుకో" అన్నచో మరింత మొరిగెడిది. ఇరువది యేండ్లుగా పిల్లలకు చదువు చెప్పుచున్నానను గర్వము నాకు గలదు. గొంతు పెంచితిని. ఒకనాడు బెత్తమును జూపితిని. అది మంచము క్రింద దూరి ఆ పూట అన్నము ముట్టలేదు. మూర్ఖజంతువని తీర్పు చెప్పితిని.

మరునాడు పాలు పోయు ఆమె గుమ్మమున నిలిచి "బా ముద్దూ" అనెను. అది బాణమువలె దూసికొని వచ్చినది. "సుమ్నిరు" అనగానే అరుపు మానినది. పుట్టినది మొదలు కన్నడమే విన్న ప్రాణి! పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది యిచటికి వచ్చిన నాకు ఆ సంగతి తోచనే లేదు. ఇంట కన్నడ మాడి, బడిలో తెలుగు పాఠమునకు బదులు చెప్పలేక నా యెదుట తల వంచి నిలిచిన పిల్లలు కొందరు అప్పుడు కన్నులకు గట్టిరి.

స్టాన్లీ కోరెన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1994లో ప్రకటించిన గ్రంథమున శునకజాతులకు వరుస సంఖ్య లిచ్చెను. చిన్నజాతులలో సీతాకోకచిలుక రెక్కలవంటి చెవులుగల పాపిలాన్‌కు 8, పొమరేనియన్‌కు 23, పెకింగీస్‌కు 73. కాని ఆ లెక్క ముఖ్యముగా చెప్పిన మాట నెంత త్వరగా నేర్చి పాటించుననుదానికి సంబంధించినది. చీనా రాజప్రాసాదములలో ముద్దుగా పెరిగిన పెకింగీస్‌కు ఒకరి మాట వినవలసిన యవసరమేమి? వినకపోవుట తెలియకపోవుట యగునా?

ముద్దుకు నేను ముందు "రా" అని, వెంటనే "బా" అని, రాగానే రొట్టెముక్క యిచ్చుచు వచ్చితిని. పదిదినములలో "బా" అక్కరలేకపోయినది. నేను గొడుగు తీసినచో బడికని తెలిసి గుమ్మమున కూర్చుండును; సంచి తీసినచో సంతకని తెలిసి వెంటబడును. ఇది యెవరును నేర్పలేదు.

ఇప్పుడది రెండు భాషలలోను పలుకును వినును. బెత్తముండిన మూలకు మాత్రము నేటికిని పోదు.