మానేరు దారుల్లో పాత జీపు – క్లచ్ చెప్పే సంగతులు

సిరిసిల్ల మానేరు ఒడ్డునున్న నేత పట్టణం. ఏ వీధిలో నడిచినా మరమగ్గాల చప్పుడు మనతోపాటు నడుస్తుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాకు ఇదే కేంద్రం. ఇక్కడినుండి వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్ల, జగిత్యాల చేరుకోవచ్చును. పెద్ద రోడ్డు దిగి పల్లెల వైపు తిరిగితే మట్టిబాటలు, గుంతలు, వాగులు ఎదురవుతాయి. అటువంటి చోట పాత జీపుకు నేటికీ విలువ ఉన్నది. మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టింది. అప్పటినుండి ఈ బండి మన పల్లెలకు చుట్టమే.

పొలానికి ఎరువు మోసేది, పెండ్లికి కుటుంబమంతటినీ చేర్చేది, అర్ధరాత్రి నొప్పులు పడే తల్లిని ఆసుపత్రికి తీసుకుపోయేది ఆ జీపే. వాగు ఒడ్డున ఎత్తు ఎక్కుతుండగా క్లచ్ చెడితే సొమ్ము నష్టం ఒక్కటే కాదు, ప్రాణానికే ముప్పు రావచ్చును. అయితే క్లచ్ చాలాసార్లు ముందుగానే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను గుర్తించడం ఇంటివారందరూ నేర్చుకోదగినది.

క్లచ్ పని సిరిసిల్ల వారికి చెప్పడం సులువు. పాత రకం మరమగ్గంలో పిడి జరిపితే బెల్టు ఖాళీ చక్రం మీదికి పోతుంది. పైనున్న ఇరుసు తిరుగుతున్నా మగ్గం ఆగుతుంది. జీపులోనూ అంతే. పెడల్ తొక్కితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, కాని దాని బలం గేర్‌బాక్సుకు చేరదు.

ముందుగా ఇంజను ఆపి పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. కొంతమేర తేలికగా దిగి, తరువాత బరువు తగలాలి. ఈ తేలిక కదలికను మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. రాడ్డుతో గాని కేబుల్‌తో గాని నడిచే పాత జీపుల్లో ఇది సుమారు ఒక అంగుళం ఉంటుంది. సరియైన కొలత బండి పుస్తకంలో చూసుకోవాలి.

ప్లే మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. రివర్స్ గేరు వేస్తే గరగరమంటుంది. ప్లే లేకపోతే క్లచ్ జారుతుంది. ఇంజను అరుస్తుంది గాని బండి ముందుకు లాగదు, కాలిన వాసన వస్తుంది. ప్లేటు అరిగేకొద్దీ ప్లే తగ్గుతుంది గనుక దీనిని తరచుగా చూడాలి.

జారుతున్నదని అనుమానమైతే చదునైన చోట చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండి. బండి ముందు ఎవరూ నిలువకూడదు. టాప్ గేరులో కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి పెడల్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్లే. ఆగకుండా తిరిగితే జారుతున్నట్లు. ఒక్కసారి చూస్తే చాలును, మళ్లీ మళ్లీ చేస్తే ప్లేటు కాలుతుంది.

తొక్కినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. వదిలేటప్పుడు బండి వణికితే ప్లేటుకు నూనె తగిలి ఉండవచ్చును, ఇంజను మౌంటింగులు వదులై ఉండవచ్చును. పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతే కేబుల్ తెగిందేమో చూడాలి. ఆయిల్‌తో నడిచే క్లచ్ అయితే కారుతున్నదేమో చూడాలి. పెడల్ మెత్తగా ఉండి, నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడితే లోపల గాలి చేరినట్లు. అందులో బ్రేక్ ఆయిల్ తప్ప ఇంజన్ ఆయిల్ పోయరాదు, రబ్బరు భాగాలు ఉబ్బి పాడవుతాయి.

ప్రియ పాఠకులారా, మెకానిక్ వద్దకు పోయినప్పుడు “క్లచ్ పోయింది” అని ఊరుకోవద్దు. ఎప్పుడు జారుతుందో, ఎప్పుడు అరుస్తుందో వివరంగా చెప్పండి. ప్లే సరిచేయడం స్పానరుతో అయ్యే చిన్న పని. ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఖర్చు ఎన్నో రెట్లు. చిన్న పనితో పోయేదానికి పెద్ద ఖర్చు పెట్టనక్కరలేదు.

వాగు నీళ్లలో, బురదలో తిరిగిన జీపుకు పెడల్ కీళ్ల వద్ద గ్రీజు పెట్టించండి. గేరు మార్చిన వెంటనే పాదం పెడల్ మీదనుండి తీసివేయండి. దాని మీద పాదం ఆనించి నడపడమే చాలా క్లచ్‌లను త్వరగా అరగదీస్తుంది. నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే ఈ అలవాటు నేర్పితే బండి మేలుగా ఉంటుంది, ఇంటి సొమ్మూ నిలుస్తుంది.