ఖాళీ కిలోమీటర్లు

రవాణా, కిరాయి, హమాలీ, రసీదు, జామీను, బాకీ, వసూలు, మామూలు. లారీ అడ్డాలో అరగంట నిలబడితే ఈ మాటలన్నీ చెవిన పడతాయి. ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇవి ఎప్పుడూ పరాయి మాటలనిపించలేదు. అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకున్నాయి. లారీ పరుగెత్తే రహదారి కూడా ఫార్సీ మాటే. మన ఖాందాన్‌లలో డ్రైవరో, క్లీనరో, మెకానిక్ ఉస్తాదో లేని ఇల్లు అరుదు. కానీ కిరాయి ఎంతో చెప్పే కుర్చీలో మాత్రం మనవాళ్లు తక్కువే కనిపిస్తారు.

మా ఖాలా కొడుకు పన్నెండేళ్లు వేరేవాళ్ల బండ్లు నడిపి, చివరికి సొంతంగా ఒక పాత పది టైర్ల లారీ కొన్నాడు. ఫైనాన్సు మీద కొన్నాడు. వడ్డీ సంగతి ఖాలాకి గుండెలో ముల్లు. ప్రతి నమాజు తర్వాత ఆ కిస్తులు తొందరగా తీరాలని దువా చేస్తుంది. ఇంకా పద్నాలుగు కిస్తులు మిగిలి ఉండగా రెండు తప్పాయి. మూడోది తప్పితే బండి లాక్కుపోతామని ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు ఖాలా నాకు ఫోన్ చేసింది.

"బేటా, పేపర్లో పనిచేస్తావు, సేట్లందరూ తెలుసు నీకు. వాడికి మంచి కిరాయి లోడొకటి ఇప్పించరాదూ?"

సేట్లు నాకు తెలిసింది ప్రెస్‌మీట్ల వరకే. కానీ ప్రశ్నలు అడగడం వచ్చు. రెండు వారాలు ఖాళీ దొరికినప్పుడల్లా కర్నూలులో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ముందు, ధాబాల్లో, టైర్ల పంక్చర్ షాపుల దగ్గర కూర్చున్నాను. అక్కడ విన్నది మన ఇళ్లల్లో చాలామందికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదట అర్థమైంది, లోడుకీ లారీకీ మధ్య ఎన్ని చేతులున్నాయో. సరుకు పంపే పార్టీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి చెబుతాడు. ఆఫీసు బ్రోకరుకి చెబుతుంది. ఒక్కోసారి ఆ బ్రోకరు ఇంకో బ్రోకరుకి చెబుతాడు. ప్రతి చేతిలో కొంత ఆగిపోతుంది. ఇరవై బండ్లున్న ఆసామి నేరుగా పార్టీతో మాట్లాడుకుంటాడు. ఒక్క బండివాడు వరసలో చివర నిలబడతాడు. ఈ రోజుల్లో ఫోన్‌లో లోడు యాప్‌లు కూడా ఉన్నాయి. వాటివల్ల ఒక లాభం, మార్కెట్లో ఎంత నడుస్తోందో అందాజా దొరుకుతుంది. బ్రోకరు చెప్పిన ధర ఒక్కటే నిజం కాదని తెలుస్తుంది.

రెండోది, పెద్ద కిరాయి అంటే మంచి కిరాయి కాదు. ఒక ముసలి ఉస్తాద్ సిగరెట్ పెట్టె మీద లెక్క వేసి చూపించాడు. ఆరు వందల కిలోమీటర్ల లోడుకి 36,000 రూపాయలిచ్చారనుకో. అక్కడ వాపసు లోడు లేక ఖాళీగా వచ్చావు. మొత్తం పన్నెండు వందల కిలోమీటర్లు. కిలోమీటరుకి 30 రూపాయలు. ఇంకొకడు నాలుగు వందల కిలోమీటర్లకి 22,000 మాత్రమే ఇచ్చాడు, కానీ అక్కడి నుంచి 15,000కి వాపసు లోడు దొరికింది. ఎనిమిది వందల కిలోమీటర్లకి 37,000. కిలోమీటరుకి 46 పైన. లోడుతో లీటరుకి నాలుగు కిలోమీటర్లిచ్చే బండికి, డీజిలు లీటరు వంద అనుకుంటే, కిలోమీటరుకి 25 రూపాయలు ఇంజనే తాగేస్తుంది. ఖాళీగా కాస్త తక్కువ తాగుతుందేమో గానీ, ఆ 30లో మిగిలిన దాంట్లోంచే టోలు, టైర్లు, ఇన్సూరెన్సు, కిస్తు, ఇంటి ఖర్చు అన్నీ వెళ్లాలి.

"పోయేటప్పుడు లోడు చూడకు, వచ్చేటప్పుడు ఏముందో చూడు" అన్నాడు ఉస్తాద్.

మూడోది మౌసమ్. గుంటూరు యార్డుకి ఎండాకాలంలో మిర్చి పోటెత్తినప్పుడు, మామిడి కోతలప్పుడు లారీలకి గిరాకీ. సంక్రాంతికి డ్రైవర్లు సొంతూళ్లకి చేరుకుంటారు, రోడ్డు మీద బండ్లు తగ్గుతాయి, ఆ నాలుగు రోజులు కిరాయి పెరుగుతుంది. మావాడికి ఆ పండగకి ఇంట్లో పని లేదు. అవి వాడికి సంపాదించుకునే రోజులు.

నాలుగోది ఓవర్‌లోడు. రెండు టన్నులు ఎక్కువేసుకుంటే కిరాయి బాగుంటుందని ఆశ పెడతారు. 2018లో కేంద్రం బరువు పరిమితులు పెంచింది. పది టైర్ల బండికి బండి బరువు, సరుకు కలిపి 25 టన్నులుండేది 28.5 అయింది. అదే సరుకు తక్కువ బండ్లలో సర్దుకుపోయింది, చిన్న ఓనర్లకి మిగిలింది అంతంతే. ఆ పరిమితి కూడా దాటితే 2019 సవరణ చట్టం ప్రకారం 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకి మరో 2,000. ఎక్కువేసింది పార్టీ, పట్టుబడేది బండి. అరిగేవి మన టైర్లు, బ్రేకు పడకపోతే పోయేది మన బిడ్డ.

ఐదోది, అసలైన దెబ్బ, బాకీ. లోడు ఎక్కించేటప్పుడు అడ్వాన్సు ఇస్తారు. మిగతాది సరుకు ముట్టిందని సంతకం, ముద్ర పడిన కాగితం తెచ్చిచ్చాక ఇస్తామంటారు. మావాడికి ఒక ఆఫీసు ఐదు ట్రిప్పుల బాకీ ఆపింది. కాగితం తడిసిందన్నారు, రెండు బస్తాలు తక్కువన్నారు, సేట్ ఊళ్లో లేడన్నారు. తప్పిన రెండు కిస్తులూ ఆ బాకీలోనే ఉన్నాయి.

మావాడిని అడిగాను: "బిల్టీ మీద బాకీ ఎంతో, ఎప్పుడిస్తారో రాయించుకున్నావా?"

"భాయీ, నమ్మకం మీద నడిచే లైన్ ఇది. రాయమంటే ఇంకో బండి పిలుస్తారు."

నేనన్నాను, ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పుని రాసిపెట్టుకోవడం గురించే ఉంది. నమ్మకం లేకపోవడం వేరు, రాసుకోవడం వేరు. వాడు కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు లోడు ఒప్పుకునేముందు కొన్ని సంగతులు ఫోన్‌లోనే రాతపూర్వకంగా అడుగుతున్నాడు. హమాలీ ఎవరిది, టోలు ఎవరిది, ఎన్ని చోట్ల దించాలి, దించకుండా నిలబెడితే రోజుకి హాల్టింగ్ ఎంత, బాకీ ఎన్ని రోజుల్లో. సంతకం పడిన కాగితాన్ని అక్కడే ఫోటో తీసి పంపుతున్నాడు. ఈ-వే బిల్లు గడువు చూసుకుంటున్నాడు. మామూలు సరుక్కి 200 కిలోమీటర్లకి ఒక రోజే లెక్క, బండి చెడిపోతే గడువు పెంచమని ముందే చెప్పించాలి. పది బండ్లకి మించనివాళ్లు పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ కోయకూడదు. ఆ సంగతి కూడా వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

రాయమన్నందుకు రెండు ఆఫీసులు నిజంగానే వాడిని పిలవడం మానేశాయి. మొదటి నెల చాలా పరేషానీ పడ్డాడు. మా మరదలు గాజులు తాకట్టు పెట్టి మూడో కిస్తు కట్టింది. ఇది దాచి, అంతా సాఫీగా అయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఐదు ట్రిప్పుల బాకీలో మూడు వసూలయ్యాయి, రెండు అలాగే ఉన్నాయి. అయితే మాట మీద నిలబడే పార్టీలు ఇద్దరు దొరికారు. ఒకరు తాడిపత్రి బండలు హైదరాబాదుకి పంపేవారు, ఇంకొకరు హైదరాబాదు నుంచి ఇటువైపు పైపులు పంపేవారు. కిరాయి గొప్పగా లేదు. కానీ బండి రెండు వైపులా నిండుగా తిరుగుతోంది, వాడు వారానికి రెండు రాత్రులు ఇంట్లో పడుకుంటున్నాడు.

లెక్క ఇప్పుడు మరదలి చేతిలో ఉంది. తనూ నాలాగే ఉర్దూ మీడియం. ఒక పొడవాటి నోటుబుక్కులో కుడి నుంచి ఎడమకి గళ్లు గీసుకుంది: తారీఖు, కిరాయి, డీజిలు, టోలు, బాకీ. చివరి గడి పేరు 'ఖాలీ', అంటే సరుకు లేకుండా తిరిగిన కిలోమీటర్లు. మొన్న ఆ పుస్తకం చూపిస్తూ అంది:

"భాయీజాన్, కిరాయి పెంచమని ఎవరినీ బతిమాలలేం. ఈ గడి తగ్గించడం మాత్రం మన చేతిలో ఉంది."

కిస్తులు ఇంకా తొమ్మిది ఉన్నాయి. గాజులు ఇంకా విడిపించలేదు.