3550 మెట్లెక్కితే... ఒక్క లడ్డూ!

తిరుమలకు నడిచి వెళ్లడానికి రెండు దారులు. శ్రీవారి మెట్టు నుంచి 2388 మెట్లు, అలిపిరి నుంచి 3550 మెట్లు. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు. తెల్లవారుజామున పాదాల మండపం దగ్గర సందడే వేరు. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వంగి లేచే అమ్మలు, చంటిబిడ్డను భుజానికెత్తుకున్న నాన్నలు, ఆగకుండా గోవింద నామాలు.

ఈసారి నాతో పాటు ఓ లెక్క కూడా కొండెక్కింది. నెల కిందట ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ అని తేలింది. డాక్టర్ మందులేమీ రాయలేదు. ‘‘ఓ 6 కిలోలు తగ్గి కనిపించు’’ అన్నారంతే. నా బరువు 80 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు, వయసు 28.

గాలి గోపురం వరకూ మెట్లు నిటారుగా ఉంటాయి. పిక్కలు పట్టేసేది ఇక్కడే. పైకొచ్చి చూస్తే కింద తిరుపతి అంతా కనిపిస్తుంది, పక్కనే దుకాణాలు. మా రూమ్మేట్ బజ్జీల ప్లేటు, కూల్‌డ్రింకు పట్టుకొచ్చి ‘‘తినరా మామా, ఇంత ఎక్కాక అంతా కరిగిపోద్ది’’ అన్నాడు. నిజంగా కరుగుతుందా?

కింది నుంచి తిరుమలకు ఎత్తు సుమారు 700 మీటర్లు. 80 కిలోలను అంత ఎత్తుకు మోయడానికి కావాల్సిన శక్తి 130 కేలరీలే! కాకపోతే మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతో, ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది. మిగతాదంతా వేడి, చెమట. అంటే అసలు ఖర్చు 520 నుంచి 650. తొమ్మిది కిలోమీటర్ల నడకను కూడా కలిపితే మొత్తం 850 అనుకోండి.

మరి 175 గ్రాముల లడ్డూలో? శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు... తక్కువలో తక్కువ 700. అంటే మూడు నాలుగు గంటల చెమటకు ఒక లడ్డూ, పైన ఓ కూల్‌డ్రింకు సరి!

కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు తగ్గాలి. ఆరు కిలోలకు 46,200. కొండెక్కి మాత్రమే తగ్గాలంటే నేను 54 సార్లు అలిపిరి ఎక్కాలి. అదే రోజూ తిండిలో 500 తగ్గిస్తే మూడు నెలల పని.

మన రోజువారీ అవసరం తెలుసుకోవడం కష్టమేం కాదు. బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలపండి. అందులోంచి వయసుకు 5 రెట్లు తీసేయండి. మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. నాకు 1740 వచ్చింది. ఏ పనీ చేయకుండా పడుకున్నా శరీరం ఖర్చు చేసేది ఇది. కుర్చీ ఉద్యోగం కాబట్టి 1.2తో గుణిస్తే దాదాపు 2090. అందులో 500 తీసేస్తే 1590. ఇది అంచనానే. షుగర్, థైరాయిడ్ లాంటివి ఉంటే డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. త్వరగా తగ్గాలని పస్తులుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది.

గోపురం దాటాక దారి చదునుగా, చెట్ల నీడలో సాగుతుంది. జింకల పార్కు దగ్గర అలసట సగం పోతుంది. ఓ పెద్దమ్మ ‘‘మజ్జిగ తాగి పో నాయనా’’ అని పిలిచింది. పల్చటి మజ్జిగ, ఉప్పు, కరివేపాకు. దాహం తీరింది, కేలరీలూ తక్కువే. తర్వాత మోకాళ్ల మెట్టు. కొందరు నిజంగానే మోకాళ్లతో ఎక్కుతున్నారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ సులువే. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. మిగతా సగంలో అన్నం లేదా రొట్టె, పప్పు, గుడ్డు, పాలు లాంటివి. మనం చేసేది తిరగేసి! అన్నం గుట్టలా, కూర అంచుకి. వంద గ్రాముల అన్నంలో 130 కేలరీలుంటాయి. అన్నం మానక్కర్లేదు, ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచితే చాలు.

ఇంతకీ లడ్డూ సంగతి? ప్రసాదం వద్దంటామా! తిరుమల లడ్డూ ఇంటికొచ్చాక ఎప్పుడూ ఒక్కరే తినరు. పక్కింటికి, ఆఫీసుకి చిటికెడు చిటికెడు పంచుతారు. మా టీమ్‌లో పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరికి 50 కేలరీలు. ఈ డైట్ మన పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు.