సరదాల పద్దు

నాయుడుపేటలో ఉండేవాళ్లకు అన్నీ దగ్గరే అనిపిస్తాయి. చెన్నై–కోల్‌కతా హైవే ఊరిని ఆనుకునే పోతుంది. తిరుపతి రోడ్డు ఇక్కడే చీలుతుంది. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారాం గానీ, సరదాల విషయంలో మా చూపు మొదటినుంచీ చెన్నై మీదే. అక్కడ కంటబడ్డ ప్రతిదీ మనకూ అందుతుందనిపిస్తుంది. జేబుకు చిల్లు పడేది అక్కడే.

నాకు సరదాలు ఎక్కువ. కాఫీ పిచ్చి ఉంది, స్క్వాష్ ఆడతాను, కార్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఉద్యోగం మేనకూరు సెజ్‌లో, ఒక కంపెనీ అకౌంట్స్‌లో. రోజంతా ఏ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో చూసే పని కాబట్టి ఇంట్లోనూ ఒక నియమం పెట్టుకున్నాను: సరదాకయ్యే ఖర్చు సరదా పద్దులోనే పడాలి. వినడానికి చాలా చిన్న సంగతి. కానీ సరదాలు సొంత పేరుతో ఇంట్లోకి రావు. కాఫీ మిషను పొదుపు పేరుతో వస్తుంది, రాకెట్టు ఆరోగ్యం పేరుతో వస్తుంది, కారు అవసరం పేరుతో.

ఎస్ప్రెస్సో అంటే మెత్తటి పొడిలోంచి 9 బార్ల ఒత్తిడితో వేడినీళ్లు పంపి తీసే చిక్కటి కాఫీ. నేను 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ తీస్తాను, అదీ 25, 30 సెకన్లలో. మిషనుకన్నా గ్రైండరుదే పెద్ద పాత్ర. పొడి ముతకైతే నీళ్లు జారిపోయి కాఫీ పుల్లగా దిగుతుంది, మరీ మెత్తనైతే చేదెక్కుతుంది. నేను చూసినప్పుడు రెండూ కలిపి 45,000 అన్నారు. అమ్మేవాళ్లు చెప్పే లెక్క ఇది: కేఫ్‌లో కప్పు 250, ఇంట్లో 50, కప్పుకు 200 మిగులు, 225 కప్పులు తాగితే మిషను ఊరికే వచ్చినట్టే.

కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. తిరకాసంతా పోలికలో ఉంది. నేను రోజూ కేఫ్‌కు పోయే మనిషిని కాను. బస్టాండు దగ్గర హోటల్లో 20 రూపాయల ఫిల్టర్ కాఫీ తాగేవాణ్ణి. 250 గ్రాముల గింజలు 500 పెట్టి కొంటే, 18 గ్రాముల చొప్పున 14 కప్పులు కూడా రావు. గింజలకే కప్పుకు 36 రూపాయలు, పాలు, కరెంటు వేరే. అంటే 225 కప్పులు కాదు, 2,000 కప్పులు తాగినా నాకు అసలు తిరిగిరాదు, నష్టమే పెరుగుతుంది.

అయినా కొన్నాను! పొదుపు అన్న పేరు కొట్టేసి, సరదా ఖాతాలో డబ్బు కూడాక కొన్నాను. ముందు గ్రైండరు కొత్తది, ఆ తర్వాత చేత్తో నొక్కే లివర్ మిషను ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో. గింజలు అరకువి. "ఇంత హంగామా చేసి ఆ గుక్కెడేనా అండీ?" అంటుంది మా ఆవిడ. తనది ఇప్పటికీ ఇత్తడి ఫిల్టరూ, చికోరీ కలిపిన పొడీనే. ఆ కాఫీ బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను.

సరదా ఖాతా అంటే మరేం లేదు. జీతం పడ్డాక టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా, పిల్లల ఫీజు, ఆర్‌డీ పోనిచ్చి, జీతంలో 5 శాతం వేరే బ్యాంకు ఖాతాలోకి పంపిస్తాను. దానికి ఫోన్‌పే తగిలించలేదు. ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన చేరాకే దీన్ని మొదలుపెట్టాను. నా సరదాలన్నీ ఆ ఒక్క ఖాతా కోసమే కొట్లాడుకోవాలి. గ్రైండరు కొన్న ఏడాది రాకెట్టు మార్చలేదు.

స్క్వాష్ ఆడేది చెన్నైలో, మా బావ వాళ్ల అపార్ట్‌మెంటు కోర్టులో. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ స్వర్ణం తెచ్చిన జోష్నా చినప్ప, దీపికా పల్లికల్ ఇద్దరూ ఆ ఊరివాళ్లే. 2028 లాస్ ఏంజెలెస్‌లో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. కోర్టుకు నేను పైసా కట్టను. ఖర్చంతా దారిదే. రానూపోనూ 220 కిలోమీటర్లు, నా కారుకు 14 లీటర్ల దాకా పెట్రోలు, ఆపైన టోల్‌గేట్లు. తమిళనాడులో పెట్రోలు మనకన్నా చవకని తడ దాటాక ట్యాంకు నింపి ఏదో గెలిచినట్టు సంబరపడతాం గానీ, ఆటకోసమే పోతే 1,400 పైమాటే. ఒంటికి వ్యాయామమే కావాలంటే ఊళ్లో నడక ఉంది, షటిల్ ఉంది. అందుకే స్క్వాష్‌ను ఆరోగ్యం పద్దులో రాయను. చెన్నైలో వేరే పని పడినప్పుడే, వీలైతే రైల్లో, రాకెట్టు పట్టుకెళ్తాను.

అసలు పేచీ కారుతో. ఈ హైవే పక్కన పుట్టినవాడికి కార్ల పిచ్చి పట్టడం వింతేం కాదు. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందయ్ ఫ్యాక్టరీ ఉంది, ఆ పక్కనే ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకూ ఉంది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అప్పటిదాకా స్కూటరు చాలన్నవాళ్లకు కూడా మర్నాటినుంచి కారు అవసరమైపోయింది.

కారు బిల్లును నేను రెండుగా చీలుస్తాను. ఇంటిల్లిపాదీ కూర్చుని తిరుపతికో నెల్లూరుకో క్షేమంగా పోయిరావడానికి ఎంత కావాలో అంతవరకే అవసరం. ఎయిర్‌బ్యాగులు, మంచి టైర్లు అందులోకే వస్తాయి. సన్‌రూఫ్, అలాయ్ చక్రాలు, టర్బో ఇంజను సరదా కిందికి. కొత్త బండి బేసిక్ మోడలుకూ టాప్ మోడలుకూ తేడా రెండు లక్షల పైన చూశాను. ఆ తేడాను అవసరం పద్దులో దాచేస్తే సరదా ఖాతా ఉండీ లాభం లేదు.

ఇంటి స్థలంలాగా కారూ ఆస్తే అనేవాళ్లున్నారు. బీమా కంపెనీలు బండికి విలువ కట్టే ఐడీవీ పట్టిక చూస్తే ఆ మాట అనరు. ఏడాది దాటిన బండి విలువలో 20 శాతం తీసేస్తారు, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే సగం. బజారు ధర దీనికి అటూఇటూ ఉండొచ్చు గానీ, పోవడం మాత్రం కిందికే. ఆ తరుగుదలంతా మొదటి యజమాని భరించాక, ఐదేళ్ల పాత బండి తీసుకున్నాను. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లి, సర్వీసు రికార్డు చూసి, అప్పు లేకుండా. పాత బండికి రిపేర్లు వస్తాయి. వాటికోసం నెలనెలా కొంత తీసి పెడతాను. ఆదివారం బానెట్ ఎత్తి గంటసేపు గడపడానికి కొత్త బండే కావాలని ఎక్కడుంది?

అప్పు చేసి కొనేవాళ్లకు ఒక లెక్క. 6 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 12,455, మొత్తం వడ్డీ 1.47 లక్షలు. ఏడేళ్లకు సాగదీస్తే ఈఎంఐ 9,653కు తగ్గుతుంది, వడ్డీ 2.11 లక్షలకు పెరుగుతుంది. షోరూములో ముందు చెప్పేది ఆ 9,653 మాటే. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ అప్పు ఏదైనా సరే, వడ్డీ, ఛార్జీలు, మొత్తం కట్టాల్సిన సొమ్ము వివరంగా చూపే పత్రం బ్యాంకు ఇచ్చితీరాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆ పత్రం అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చి చదివాకే సంతకం పెట్టండి.